నాలుగో రోజు

సూర్యుడు పుట్టింది నాలుగో రోజైతే
ముందటి మూడు రోజుల్ని
ఏ గడియారంతో లెక్కవెట్టిండ్రు?

ఫాతిమానగర్ సత్యోపదేశం క్లాసుల
తొమ్మిదేండ్ల నేనడిగితే
ఉపదేశి రాయప్ప సారు బెత్తంతో జవాబు చెప్పిండు.
నా తప్పేముంది? మా నాయిన శౌరయ్య
కాజీపేట జంక్షన్ల పాయింట్స్‌మన్.
మా ఇంట్ల నిమిషమంటే నిమిషమే.
జీటీ లేటైతే అన్నం లేటు.

ఏడుస్తున్న నన్ను ఫాదర్ ఇన్నయ్య
గుడి వెనక తేనెపెట్టెల కాడికి తోలుకపోయిండు.
"గిదే ప్రశ్న," అన్నడు పొగడబ్బా ఊదుకుంట,
"పదహారు వందల ఏండ్ల కింద
ఆఫ్రికా సముద్రం ఒడ్డున ఓ బిషప్పు అడిగిండు.
ఆయనను కొట్టేటోడు లేడు గనుక
తన రాతను తనే కొట్టేసుకున్నడు.
మొదలువెట్టుడు, ఆపుడు,
మళ్ల మొదలువెట్టుడు."

చుక్కల నడక తెలిసినోని ముందట
వాక్యం పేరు జెప్పి తప్పులెక్క చెప్తే
వాడు నవ్వేది నిన్ను చూసి కాదు,
వాక్యాన్ని చూసి.
ఆ పెద్దాయన భయం అదట.

ఇంకొకాయన ఉండెనట, మాట కొడవలి.
గ్రీకుల బడితోని మన గుడికేం పని అని గద్దించెనట.
అప్పుడే బల్లార్షా దిక్కు కూత.
ఫాదర్ నవ్విండు:
"మీ నాయిన్ను అడుగు.
వేరే వేరే దిక్కులకు పోయే లైన్లకే గదా
పాయింట్లు కావాలె."

పెట్టె మూత తీసిండు.
ములుగు అడవి నుంచి తెచ్చిన ఈగలు.
"ఈ ఇప్పపువ్వు ఏ దేవునిదని ఈగ అడుగది.
అట్లని చెట్టంత మోసుకరాదు..."
మాట పూర్తికాకముందే కనుబొమ్మ మీద కుట్టింది.
ఫాదర్ సిలువ గుర్తు వేసుకున్నడు, సున్నం రాసుకున్నడు.
ఏది ముందో
నాకు యాదికి లేదు.

ఇప్పుడు అదే బడిల నేను భౌతికశాస్త్రం సారును.
ఫాదర్ పోయినంక ఆయన ట్రంకుపెట్టె నుంచి
చెదలు తిన్న నోటుబుక్కు నాకిచ్చిండ్రు.
"శౌరయ్య కొడుకు జోజిరాజు అడిగిండు:
మూడు రోజులు, ఏ గడియారం?"
కింద పెన్సిలుతోని: తెల్వదు.
పదకొండేండ్లకు ఇంకో చోట: ఇంకా తెల్వదు.
చివరి పేజీల వణికిన చేతితో
తారీఖు ఒక్కటే ఉన్నది.

పోయిన మాఘంల
రాయప్ప సారుకు హన్మకొండల కంటి ఆపరేషను.
కొడుకులు రాలే, నేనే తీసుకపోయిన.
పట్టీ విప్పంగనే
కిటికీ దిక్కు మొఖం తిప్పి చానాసేపు కూసున్నడు.
"ముందు వెలుగొచ్చిందిరా," అన్నడు,
"సూర్యుడు ఎనక కనవడ్డడు."

బెత్తం సంగతి ఆయనకు యాది లేదు.
నేనేమనలే.
అది జవాబు కాదు, కంటిపొర ముచ్చట.
పదిమంది పిల్లలు లేచి
కాదని చెప్పగలరు నా క్లాసుల.

అయినా ఇంటికొచ్చి
ఫాదర్ తారీఖు కింద రాసిపెట్టిన,
పెన్సిలుతోనే.