మిగతావాళ్లు

ఆర్మిడేల్‌లో జూన్ చలి.
హాస్టల్ లాండ్రీ గదిలో పగిలిన కిటికీకి
అట్టముక్క అంటించి వచ్చి
సర్వే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

శుక్రవారం రాత్రి నువ్వెన్ని గ్లాసులు?
మూడు. రెండు. మూడు.
ఎవరో, "వాసనకే తల తిరుగుద్ది" అని.
మరి మీ అంతస్తులో మిగతావాళ్లు?
పది. పది. పన్నెండు.
ఎవరికి వాళ్లు బుద్ధిమంతులే,
పక్క గదివాడే ఎప్పుడూ ఘనుడు.

ఆ పది తాగేవాడి కోసం
నలభై గదులూ గాలించాను, కాగితాల మీదే.
నలుగురితో నారాయణ అన్నారందరూ,
ఆ నలుగురే దొరకలేదు.

అడుగున ఒకటి మిగిలింది.
పేర్లు రాయొద్దన్నాం గానీ
కుడిచేతికి కట్టున్నవాడు
ఎడమచేత్తో చుట్టిన సున్నా
ఎవరిదో తెలియకపోదు.
ఫ్లెచర్. గొర్రెల ఫారం నుంచి ఫిబ్రవరిలో దిగినప్పుడు
రాత్రిళ్లు మైలో కలుపుకు తాగేవాడు,
తలుపు తీసే ఉంచి,
ఎవరైనా వస్తారేమోనని.

నువ్వెన్ని? పది.
మిగతావాళ్లు? పది.

మా అందరి మాటా నమ్మినవాడు
వాడొక్కడే.

కట్టలో నా కాగితమూ ఉంది.
తీసి చూడక్కర్లేదు.
రెండో గడిలో నేనేం రాశానో
నాకు గుర్తే.