గొలుసు పట్టినోడు

నేను తలారి దొరసామిని.
సర్వేయరు ఆ కొసన నిలబడితే
ఈ కొస పట్టుకున్నోణ్ణి.
నూరు లింకుల ఇనుప గొలుసు,
ఎండకు కాగి అరచేయి చురుక్కనేది.
లాగమంటే లాగినా. వదలమంటే వదిలినా.
పదహైదు దినాల్లో ఊరు మొత్తం
సెంట్లయి పుస్తకంలోకి పొయింది.

మా కయ్య వంతు వచ్చిన దినం
మా యమ్మ గెనెం మింద కూచోని
చెనక్కాయలు ఒలస్తా ఉండె.
"రోంత జరుగుమా" అన్నా,
గొలుసుకు అడ్డమని.
జరిగింది.
అట్ల జరిగిన మనిషి
మళ్ళా ఆ తావులో కూచోలే.

గెనేనికి అవతల రెడ్డోళ్ళది పట్టా భూమి,
ఇవతల మాది డీకేటీ.
అదే మన్ను, అదే వాన, అవే అడివిపందులు.
రేటు మాత్రం గెనెం కాడ తెగింది.
"సర్కారిచ్చింది సర్కారు తీసుకుంటాది,
దాంట్లో ఏముంది" అన్నాడు ఆఫీసులో ఒకాయన
టీ గ్లాసులో ఈగను వేలితో తీస్తా.
మా జేజినాయన కంప కొట్టి, రాళ్ళేరి,
నడుము వంగేదాకా చదును చేసింది
ఏ కాలంలో రాయాల్నో
ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.

చింతమాను ఒకటి. టెంకమామిళ్ళు మూడు.
కానుగ, కలపకు పనికిరాదు.
బావి, పూడినది, సున్న.
(పోయినేడు దాకా పిల్లోళ్ళు దాంట్లోనే ఈదినారు.)

ఏనాది పోలయ్య చెరువుకట్ట కింద గుడిసెలోంచి వచ్చి
గొలుసు పక్క శానాసేపు చూసినాడు.
కాగితం లేదు, కయ్య లేదు.
"సామీ, ఈ కయ్యల్లో ఎలకబొక్కలన్నీ నావే గదా,
వాటికెంత రాస్తావు?"
సర్వేయరు నవ్వినాడు. నేనూ నవ్వినా.
ఆ నవ్వు ఇప్పటికీ
గొంతులో చేపముల్లు మాదిరి ఉండాది.
పోలయ్యోళ్ళు యాడికి పొయినారో ఎవురూ చెప్పలేరు.
ఉన్నట్టు యాడా రాయలేదు గనక
పోయినట్టూ రాయలేదు.

మాకు కాలనీ. సత్యవేడు రోడ్డు మింద
రెండున్నర సెంటు, రేకుల కప్పు,
ప్లాటు నంబరు నూటపద్నాలుగు.
కొలిచే మిషన్లొచ్చినాక
పాత గొలుసు నాకే ఇచ్చేసినారు.
ఒక మాపటేళ పరిచి చూసినా.
ఎనక గోడ కాడ కొస పెడితే
వాకిలి దాటి, కాలవ దాటి,
రోడ్డు మింద పడుకోని
ఎదురింటి మెట్టుకు తగులుకుండె.
కుక్కొకటి వాసన చూసి పొయింది.

కోడలు రాజ్యం తెల్లార్తో కంపెనీ బస్సెక్కతాది,
మెడలో తాడు, తాడుకు కార్డు.
"నేను నిలబడే తావు మన కయ్యేనేమో మామా" అంటాది.
చింతమానుకు ఏ పక్క, అని అడిగితే
"లోపల ఏ పక్కైనా ఒకటే మామా,
కిటికీలు లేవు."

నిన్న రాత్రి అమ్మ పొయింది.
కాలనీ ప్లానులో పార్కు ఉండాది,
నీళ్ళ ట్యాంకు ఉండాది,
వల్లకాడు మరిచిపొయినారు.
గొలుసు తీసి లెక్కబెట్టినా:
పొడుగు తొమ్మిది లింకులు, వెడల్పు నాలుగు.
కొలత తెలిసినోణ్ణి, ఎక్కువ అడగను.

ట్రాక్టర్లో ఏసుకోని గేటు కాడికి పొయినాం.
గోడకు ఆ పక్కన మా నాయన ఉండాడు.
వాచ్‌మన్ మా వూరి చెంగల్రాయుడి కొడుకే.
ట్రాక్టరు చూసినాడు, నన్ను చూసినాడు,
ఏం చేయాల్నో తెలీక
రిజిస్టరు తెరిచినాడు.

పేరు?
కుప్పమ్మ.
యాడ్నించి?
ఈడ్నించే.
ఎవుర్ని కలవాల?

తలారి గంగన్నను, అన్నా.
రాసుకో నాయనా.

వాడు తల దించుకోని రాస్తా ఉంటే
లోపల ఫోను మోగింది.