మూలన ఉన్న చిన్న చదరం

టీవీలో కుడివైపు అడుగున
తపాలా బిళ్ళంత చదరం నాది.
నల్ల చొక్కా వేసుకోవాలి, ఉంగరాలు తీసేయాలి,
సొంత అభిప్రాయం మేకప్ గదిలో వదిలి రావాలి.
నైరోబీ స్టూడియో ఏసీ చలికి
ముందుగా వేళ్ళు రుద్దుకుంటాను,
కాజాలు కుట్టబోయే దర్జీలా.

మంత్రిగారు గొంతు సవరించుకున్నారు:
"ఉన్నత విద్యలో ఆర్థిక భాగస్వామ్యపు పునఃసమతుల్యతను
విద్యార్థి కేంద్రంగా హేతుబద్ధీకరించే దిశగా
ఒక ప్రయాణం ప్రారంభించుకుంటున్నాం."

ప్రయాణం. అది తేలికే.
రెండు వేళ్ళు అరచేతి మీద నడుస్తాయి.
ఎక్కడికి?
చేతులతో మాట్లాడేటప్పుడు
ఎటో చూపించకుండా నడవడం కుదరదు.
వేళ్ళు గాల్లో ఆగిపోయాయి.

నోరున్నవాళ్ళకి ఎన్ని సదుపాయాలో!
నిర్ణయం తీసుకోబడింది అంటారు,
కర్త గోడ దూకి పారిపోతాడు.
నాకలా కాదు.
ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకో
చూపుడువేలు బయల్దేరిన చోటూ, చేరిన చోటూ
ఊరందరికీ కనపడతాయి.

ఒక విలేకరి పిల్ల సూటిగా అడిగేసింది:
ఫీజులు పెరుగుతాయా, లేదా?
మంత్రిగారు నవ్వారు.
"పెరుగుదల అనే మాటని సందర్భంలోంచి చూడాలమ్మా.
పెరగకుండా ఏదీ తరగదు కదా!"
వెనక ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.
నేను మూడు సెకన్లు వెనకబడ్డాను.

ఆ మూడు సెకన్లూ కిసీ బజార్లో ఉన్నాను.
అరటి గెలల మధ్య మా అమ్మ.
పుట్టుచెవుడు తనకి.
నేను నేర్చిన మొదటి మాట
తన చేతుల్లోంచే తీసుకున్నాను.
మందుల షాపు ఒగేటో
తన కోసం టీవీని కాస్త వీధి వైపు తిప్పి ఉంచుతాడు.
తను మంత్రిని చూడదు. నన్ను చూస్తుంది.

నడుముకి చుట్టిన గుడ్డలో
తమ్ముడు ఒంకోబా సీటు ఉత్తరం.
ఎల్డొరెట్‌లో, వంతెనలు కట్టే చదువు.
దాంతోపాటే చందాల నోటుబుక్కు:
మామ మొమాన్యి రెండు వేలు,
చర్చి పాటల వాళ్ళు ఐదొందల ఇరవై,
పేరు రాయొద్దన్న ఒకావిడ, ఒక కోడి.
నిరుటి ఫీజుకైతే అది
సరిగ్గా సరిపోయే పుస్తకం.

పునఃసమతుల్యత.
ఒక్కో అక్షరం వేళ్ళతో కూర్చి చూపొచ్చు.
నిబంధనల్లో ఉంది, తప్పు పట్టరు.
అమ్మ ఆ అక్షరాలు ఏరుకుంటుంది,
బియ్యంలో రాళ్ళలాగ,
చివరికి రాళ్ళే మిగులుతాయి.

కుడిచెయ్యి చదునుగా పెట్టాను.
పొట్ట దగ్గర మొదలైంది,
గుండె దాటింది, గడ్డం దాటింది, నుదురు దాటింది,
చదరం పైఅంచు దాటి వెళ్ళిపోయింది.
తెర మీద కాసేపు
చెయ్యి లేని మనిషిని.

మర్నాడు మెమో వచ్చింది:
"సంజ్ఞాపరమైన విచలనం గమనింపబడినది."
ఎవరు గమనించారో అందులోనూ లేదు.
ముద్ర మాత్రం గుండ్రంగా, నీలంగా ఉంది.

రాత్రి అమ్మ వీడియో కాల్ చేసింది.
అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పావంది,
కాస్త గర్వంగానే,
అరటిపళ్ళమ్మే మనిషి కదా.
తర్వాత చేతులు నెమ్మదించాయి.

నీ చెయ్యి పెట్టె దాటిపోయింది.
ఆ పైన నాకు కనపడలేదు.
ఎంత వరకు వెళ్ళింది?
ఎక్కడైనా ఆగిందా?

నా చేతులు రెండూ
ఒళ్ళోనే ఉన్నాయి.