పేరుకు ముందు మాట

మార్కాపురం పలకల షెడ్డులో
రాత్రి ఎనిమిదికి రంపం ఆగాక
దుమ్ము ఇంకా గాల్లో ఉండగానే
నా క్లాసు మొదలయ్యేది.
ఏడుగురు. అందులో ఇద్దరికి దగ్గు.
బోర్డుకేం కరువు?
గోడకు ఆనించిన ప్రతి రాయీ బోర్డే.

ఆ రోజు పాఠం ప్రిపోజిషన్లు.
మన విభక్తులే, కాకపోతే ముందు నడుస్తాయి, అన్నాను.
మనం పెట్టె అనేసి, ఆనక లో అంటాం.
వాళ్ళు ముందే ఇన్ అంటారు,
దేనిలోకో ఇంకా చెప్పకుండానే
లోపలికి కాలు పెడతారు.

"ఇల్లు కట్టకముందే గడప నిలబెట్టినట్టు గదా సార్"
అన్నాడు చట్రాలు బిగించే ఖాశింవలి.

కొండారెడ్డికి బస్సు దగ్గర పేచీ.
కారుకేమో ఇన్, బస్సుకేమో ఆన్ ఏంది?
"తిరనాళ్ళకి మేం టాపెక్కే పోతాం గాబట్టి
మాకైతే సరిపాయె.
దొరలు గూడా టాపెక్కేవాళ్ళా సార్?"

ముప్పయ్యేళ్ళు బళ్ళో చెప్పినవాణ్ణి.
తెలియని చోటల్లా "అది అంతే, రాసుకోండి"
అని గట్టెక్కినవాణ్ణి.
ఇక్కడ ఆ నాణెం చెల్లలేదు.
రాయి ఏ పొర దగ్గర విడుతుందో చెప్పలేనివాడికి
వీళ్ళు ఉలి ఇవ్వరు.

అందుకని పుస్తకం మూసి, వేలు పెట్టి చూపించాను.
పలక మీద బలపం, ఆన్.
పలకకీ చట్రానికీ సందున ఇరుక్కున్న చీమ, బిట్వీన్.
తట్ట కింద రాములమ్మ తల, అండర్.
ఎట్ దగ్గర నాకే చెమట పట్టింది.
ఎట్ అంటే చుక్క.
రైలు మన స్టేషన్లో ఆగే రెండు నిమిషాలు.
ఊరు కాదు, ఊరిని తాకడం.
చెప్పాక, బాగానే చెప్పానే అనిపించింది.
ఎవరూ ఏమీ అనలేదు. దగ్గారు.

పీరమ్మ చివరన కూర్చునేది.
పెట్టెల మీద రేకు ఆనించి నల్లరంగు కొట్టడం ఆమె పని.
అక్షరాలు కూడబలుక్కోకముందే
వాటి ఆకారాలు ఆమె చేతికి వచ్చేశాయి.
మేడ్ ఆఫ్ తర్వాత రాయి పేరు.
మేడ్ ఇన్ తర్వాత దేశం పేరు.
ఫర్ తర్వాత నోరు తిరగని ఏదో రేవు.

కొంగుతో మూతి తుడుచుకుని అడిగింది.
"ఆఫ్ రాయికి పాయె.
ఇన్ దేశానికి పాయె.
ఫర్ కొనుక్కునేవోళ్ళకి పాయె.
చేసినోళ్ళకి ఏం లేదా సార్?"

ఉందమ్మా. బై.
తృతీయా విభక్తి. చేతన్, చేడన్, తోడన్, తోన్
అని అలవాటుకొద్దీ వల్లించాను.

ఆమె చేతన్ దగ్గరే ఆగిపోయింది.
"చేత అంటే చెయ్యేనా సార్?"

ఇన్నేళ్ళూ రాముని చేత, రావణుని చేత
అని అప్పజెప్పించుకున్నాను.
ఆ మాటకు వేళ్ళున్నాయని
నేనెప్పుడూ చూడలేదు.
చెయ్యే, అన్నాను.
ఆమె తన చేతి వంక చూసుకుంది.
రంగు, పగుళ్ళు, బొటనవేలి గోరు సగం.
"బై అనే రేకు మన షెడ్డులో లేదు సార్" అంది.
నవ్వలేదు.

మర్నాడు లారీకి ఎత్తుతున్నారు.
నా కళ్ళజోడు అక్కడే మర్చిపోయి వెతుక్కుంటూ వెళ్ళాను.
ఆఖరి పెట్టె ఇంకా మూయలేదు.
గడ్డి పక్కకు జరిగి ఉంది.
పై రాతి మీద బలపంతో,
వంకర ఇంగ్లీషు అక్షరాల్లో,
పీరమ్మ మేడ్ బై.

ముందు మనిషి.
తర్వాత విభక్తి.

ఎర్ర పెన్ను జేబులోనే ఉంది.
ఖాశింవలి మూత పట్టుకుని నిలబడ్డాడు,
నోట్లో మూడు మేకులు.
వాటి సందుల్లోంచే అడిగాడు,
"కొట్టెయ్యాల్నా సార్?"

మేకు కొట్టు, అన్నాను.