మినిట్స్ పుస్తకంలో రాయనివి

ఫిబ్రవరి రెండో గురువారం. ఫైర్ హాలు.
హాజరు ఇరవై ముగ్గురు. ప్రార్థన అయింది,
జెండాకి వందనం అయింది.
కార్యదర్శిని నేను, వెర్నా కిష్‌బాని.
పెన్సిల్వేనియా చలికి పెన్ను గడ్డకడితే
చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాను.

ఇక్కడున్న వాళ్లమంతా ఒకటే పార్టీ.
ముప్పయ్యేళ్లుగా ఒకే గుర్తుకి ఓటేసి,
ఒకే చర్చిలో అవే బల్లల మీద కూర్చుని,
ఒకరి ఆవు ఈనుతుంటే ఇంకొకరం టార్చి పట్టుకున్న వాళ్లం.
ఇవాళ నడిమి దారికి అటు పదకొండు కుర్చీలు,
ఇటు పదకొండు.
ఎవరూ జరపమనలేదు.

ఆరిన్ ట్యూక్స్‌బరీ లేచాడు.
పొద్దునే పన్ను పీకించుకొచ్చాడు, దవడ ఇంకా మొద్దుబారే ఉంది.
దూదిని నాలుకతో పక్కకి నెట్టి
"ఏ పన్నూ వొద్దు" అన్నాడు.
"నేలని గుచ్చితే పన్ను, గ్యాస్ పైకొస్తే పన్ను,
రేపు నేను ఊపిరి వదిలితే?
రిగ్గులకి చక్రాలున్నాయి, మరిచిపోకండి.
పక్క రాష్ట్రం ఒక్క రాత్రి ప్రయాణం.
నా కొట్టం కప్పు వేయించింది గవర్నరు కాదు, లీజు డబ్బు.
రాజధానికి డాలరు పంపితే
తిరిగొచ్చేసరికి చిల్లర."

అటువైపు చప్పట్లు.
ఇటువైపు ఎవరో కుర్చీ కిర్రుమనిపించారు.

డేల్ హ్రబోవ్‌స్కీ లేవడానికి టైము తీసుకుంటాడు.
మోకాళ్లు, తరవాత నడుము, తరవాత టోపీ.
"సర్కారు చెయ్యి నా జేబులో ఉంటే నాకూ గిట్టదు, ఆరిన్.
కానీ మొక్కజొన్న కోస్తే మళ్లీ మొలుస్తుంది.
ఆవుని పితికితే సాయంత్రానికి మళ్లీ చేపుతుంది.
ఇది చేపేది కాదు.
మా తాత బొగ్గు తవ్వాడు. బొగ్గు రైలెక్కి పోయింది.
మాకు మిగిలింది నారింజ రంగు వాగూ, ఆయన దగ్గూ.
ఒక్కసారే అమ్మగలిగే సరుకుకి
ధర చెప్పడం పన్నెలా అవుతుంది?
ఉన్నది కాపాడుకునే వాళ్లమని కదా మనకి పేరు,
ఏం కాపాడాం?"

ఆరిన్ జవాబివ్వలేదు.
ఊడిన చోటికి నాలుక పోయినట్టు
బుగ్గ లోపల ఏదో కదిలింది.

వెనక వరసలో కోల్బీ యేగల్, ఇరవై రెండేళ్లు,
షిఫ్టు నుంచి తిన్నగా వచ్చాడు, బూట్లకి బూడిద రంగు బురద.
ఏడు వేల అడుగుల కింద డ్రిల్లు పళ్లు అరిగిపోతే
మార్చేది వీడే.
వీణ్ణెవరూ అడగలేదు. వీడూ చెప్పలేదు.
బురద ఎండి నేల మీద రాలుతుంటే
కాలితో ఒక పక్కకి పోగు చేస్తున్నాడు.

నా హ్యాండ్‌బ్యాగులో ఈ నెల రాయల్టీ చెక్కుంది:
పదకొండు డాలర్ల నలభై సెంట్లు.
పైపులో మోసినందుకు కోత, తేమ తీసినందుకు కోత,
గట్టిగా నొక్కి పంపినందుకు ఇంకో కోత.
కంపెనీ కోసుకుంటే దాని పేరు ఖర్చు.
ఈ మాట లేచి అనొచ్చు.
కార్యదర్శి చర్చలో మాట్లాడకూడదని నియమం.
ఆ నియమం రాసింది నేనే.

చేతులెత్తమన్నారు. పదకొండు. పదకొండు.
అందరూ నా వైపు తిరిగారు.
"కాఫీ కాగింది" అన్నాను.

తరవాత బల్ల దగ్గర
మార్సీ హ్రబోవ్‌స్కీ, డేల్ పెళ్లాం,
క్యాబేజీ చుట్టల్ని చెంచాతో చిదిమి చిదిమి
ఆరిన్ ప్లేటులో వేసింది.
"కుడివైపు నమలు" అంది.
ఆయన బుద్ధిగా తలూపాడు.

కిటికీలోంచి చూస్తే కొండ మీద బావి మంట.
పైపు వేసేదాకా అలా ఊరికే తగలెడతారట.
మంచు మీద కాషాయం వెలుతురు,
పార్కింగులో మా ట్రక్కులన్నిటి మీదా ఒకే తీరున.

"నువ్వెటు, వెర్నా?" అన్నాడు ఆరిన్, సగం నోటితో.
"దవడ ఎలా ఉంది?" అన్నాను.

రాశాను: చర్చ జరిగింది.
రాశాను: వచ్చే నెలకి వాయిదా.
కుర్చీలు మడిచినవాళ్లు, అని రాసి
డేల్, ఆరిన్ పేర్లు పక్కపక్కన పెట్టి
అలాంటివి మినిట్స్‌లో రాయరని
కొట్టేశాను.