తెల్లనేల

మొదటి వానకి అందరం బయటికొచ్చాం,
నేను పిండి చేతులతోనే.
అత్త తింపోకో మాత్రం గుమ్మం వదల్లేదు.
"ఇది తడిపే వాన కాదే," అంది,
"కొట్టే వాన."

యాతెంగాలో వాన తుంపరగా మొదలవదు.
ఎర్రటి దుమ్ముగోడ ముందు నడిచొస్తుంది.
మేకలన్నీ ఒకేవైపు వీపు తిప్పుతాయి.
ఆ తర్వాత బొట్లు,
ఒక్కోటి రేగుపండంత.

బెడ్డ అంటే ఏముంది,
నాలుగు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని
చేసుకుంటున్న కాపురం.
గాలికో గది, వేరుకో దారి.
బొట్టు పడ్డచోట కాపురం చెదిరింది.
సన్నటి బంకమన్ను నీళ్ళలో తేలి
ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ
వెళ్ళి కూర్చుంది.
ఇంట్లోవాళ్ళే లోపల్నుంచి
గడియ పెట్టేసుకున్నారు.

వాన వెలిసింది. ఎండ కాసింది.
పొద్దున బూడిదరంగు,
మధ్యాహ్నానికి తెలుపు.
నాలుగోనాడు నడిస్తే
కాలికింద పెంకులు విరిగిన చప్పుడు.
జిపెల్లె అంటాం మేం, తెల్లనేల.
మందం ఎంతని?
గోరంత.
గోరంతే.

రెండో వాన దానిమీంచే జారిపోయింది,
ఎవరింటికో పోతున్న చుట్టంలా.
వాగు పొంగింది.
నేను వేలు గుచ్చి చూస్తే
కణుపు లోతున దుమ్ము.

ఒక పెచ్చు లేపాను.
కింద జొన్న మొలక, పాలిపోయి,
బరువు తలుపుని భుజంతో తోస్తున్న మనిషిలా
మెడ వంగిపోయి ఉంది.
పక్క గుంపులో అయిదు మొలకలు కలిసి
పెచ్చుని టోపీలా పైకెత్తాయి.
ఒంటరిది ఎత్తలేకపోయింది.
నేను ఎత్తేసరికి దానికి
వెలుతురు అక్కర్లేదు.

రెండోసారి విత్తాం.
మూడోసారి విత్తనానికి గినీకోళ్ళు అమ్మాం.
పదకొండు.
ఆ ఏడు పండింది నాలుగు బుట్టలు,
అందులో ఒకటి అప్పుకి.

మరిది కిబ్సా
ఐవరీ కోస్ట్ కోకో తోటల్లో ఆరేళ్ళు చేసి
ఒక రేడియోతో, నడుం నొప్పితో తిరిగొచ్చాడు.
ఎండలు మండే నెలలో
ఎవరూ పార ముట్టని రోజుల్లో
గుంటలు తవ్వడం మొదలెట్టాడు.
జానెడు లోతు. అడుగు తీసి అడుగు వేస్తే ఇంకోటి.
ఊరు నవ్వింది:
"ఎవరికోయ్ ఇన్ని బుల్లి గోరీలు?"
అతను గుంటకి రెండు దోసిళ్ళ పేడ, రాలిన ఆకులు వేసి
మళ్ళీ వంగాడు.

వాసనకి చెదలొచ్చాయి.
మా దూలం తిన్న చెదలు,
నా పెళ్ళి చాప తిన్న చెదలు.
తిట్టి తిట్టి నోరు నొప్పెట్టిన నేనే
గుంట పక్కన గొంతుక్కూర్చుని చూశాను:
సూది పట్టేంత రంధ్రాలు,
వరసగా, ఓపిగ్గా,
నేలకి చెవులు కుడుతున్నాయి.

అత్త వచ్చి చూసింది. ఏం అనలేదు.
ఆవిడ ఏం అనకపోవడం
మా ఇంట్లో పెద్ద మాట.

గుంటల మధ్య తెల్లటి పెచ్చుని
రోకలితో పగలగొట్టబోయాను.
నా కక్ష నాకుంది కదా.
కిబ్సా చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఉండనీ వదినా.
అది తాగకపోతేనే గుంట తాగుతుంది."

వాన కొట్టింది, ఎప్పట్లాగే.
తెల్లనేల ఒక్క చుక్కా పుచ్చుకోలేదు,
ఎప్పట్లాగే.
వచ్చిన నీళ్ళన్నీ పక్కకి తోసింది.
పక్కన గుంట ఉంది.
చెదలు కుట్టిన చెవుల్లోంచి
నీళ్ళు గుటగుటమని దిగడం
నేను నేలకి చెవి ఆనించి విన్నాను.
పిల్లలు నవ్వారు, నా చెంపంతా మట్టని.

జొన్న నా భుజాలకొచ్చింది.
అయినా ఆ తెలుపుని నేను క్షమించలేదు.
పదకొండు కోళ్ళు ఎవరిస్తారు?

నిన్న చిన్నాడు ఒక పెచ్చు తెచ్చాడు,
అంచులు ముడుచుకుని, ఆకంత తేలిగ్గా.
మీద గినీకోడి అడుగు,
మూడు వేళ్ళూ స్పష్టంగా.
"వానకి కరిగిపోద్దమ్మా, లోపల పెట్టు."
గాదె పక్కన,
విత్తనం కుండ మీద మూతగా
పెట్టాను.