పది తెత్రీలు

మా లిఫ్టు ఊరికే కదలదు.
గోడకు బిగించిన ఇనప డబ్బాలో
పది తెత్రీల బిళ్ళ పడాలి.
అది మింగి, గొంతు సవరించుకుని,
మూలుగుతూ బయల్దేరుతుంది.
త్బిలిసీ శివార్లలోని ఈ పాత భవంతిలో
ఏళ్ళ తరబడి దాని ఆకలి తీరుస్తూ వచ్చాను.

మార్చిలో డాక్టర్ ఖతూనా
నా రక్తం కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి,
మందు రాయబోయి ఆగింది.
"ఎన్నో అంతస్తులో ఉంటావు, లమారా?"
"తొమ్మిది."
"అదృష్టవంతురాలివి" అంది.
వేళాకోళమనుకున్నాను.
ముప్పైనాలుగేళ్ళు కుట్టుమిషన్ ముందు కూర్చున్నదాన్ని.
నా కాళ్ళకు తెలిసిన పని
పెడల్ తొక్కడమొక్కటే,
ఎంత తొక్కినా ఎక్కడికీ పోని ప్రయాణం.

మొదటిరోజు మూడో అంతస్తుకే
గుండె గుండీలు తెంపుకుని బయటపడేలా ఉంది.
మెట్టు మీద చతికిలబడితే
సంచిలో బీట్‌రూట్లు నావైపు జాలిగా చూశాయి.
మిగిలిన ఆరూ ఎక్కానో, దేకానో.
ఎవరూ చూళ్ళేదు కాబట్టి ఎక్కాననే అనుకుందాం.
ఇంట్లోకొచ్చి, రేగు జామ్ అయిపోయిన సీసాలో
పది తెత్రీలు వేశాను.
లిఫ్టు నోటి దగ్గర లాక్కున్న మొదటి ముద్ద.

మెట్లకు వాసనలుంటాయని
లిఫ్టులో పోయేవాళ్ళకేం తెలుసు?
రెండో అంతస్తులో ఉడుకుతున్న ఎర్ర చిక్కుడు గింజలు,
పైన చల్లిన కొత్తిమీర.
నాలుగులో తెక్లే అనే పిల్ల
వయొలిన్ మీద రోజూ ఒక్కచోటే తడబడేది.
నేనూ సరిగ్గా అక్కడే ఆయాసపడేదాన్ని.
తలుపుకు అటూ ఇటూ
ఇద్దరం ఊపిరి కూడదీసుకుని
మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం.
ఐదులో బల్బు లేదు.
గోడ తడుముకుంటూ లెక్కపెట్టేదాన్ని,
పదహారు మెట్ల చీకటి.

ఏడో అంతస్తు తలుపు వెనక వలేరికో.
ఒకప్పుడు ట్రాలీబస్సు నడిపాడు.
చలికాలం మొదలయ్యాక ఇల్లు కదలలేదు.
వెళ్ళి తలుపు తట్టాను.
"కింద నాకేం పని?" అన్నాడు.
"బట్టీలోంచి తీసిన రొట్టె కింద వేడిగా ఉంటుంది.
నీ దాకా వచ్చేసరికి అది తోలుముక్క."
ఒక నిమిషం ఏమీ అనలేదు.
తర్వాత చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.

ఆ రోజు ఒక్క అంతస్తు దిగాడు.
మలుపులో రెయిలింగ్ పట్టుకుని
పాత గొంతుతో పిలిచాడు:
"ఆరో అంతస్తు! దిగేవాళ్ళు దిగండి!"
ఎవరూ దిగలేదు. మేమిద్దరం
నవ్వాపుకోలేక మెట్ల మీదే కూర్చుండిపోయాం.
మర్నాడు ఐదు. కానీ అక్కడ
స్టాపు పేరు పిలవలేదు.
చీకట్లోకి చూస్తూ నిలబడ్డాడు.
"దీపం లేని స్టాపులో
నేనెప్పుడూ బండి ఆపలేదు, లమారా."
వెనక్కి తిరిగాం.

జామ్ సీసా బల్ల మీద బోర్లించాను.
మూడు నెలల మెట్లు
గలగలా దొర్లి, ఒకటి సోఫా కిందికి పోయింది.
దానికోసం వంగాను,
మళ్ళీ నా అంతట నేనే లేచాను.
ఆ లేవడం నాకు ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది.
కొట్టువాడు బిళ్ళలు లెక్కపెడుతూ విసుక్కున్నా
బల్బు ఇచ్చాడు.

స్టూలెక్కింది వలేరికోనే.
మునివేళ్ళ మీద, చేతులు పైకెత్తి,
వణికే మోకాళ్ళతో.
స్టూలు నేను పట్టుకున్నాను,
టార్చి తెక్లే పట్టుకుంది.
వెలుగు పడ్డాక చూస్తే
గోడంతా మా వేలిముద్రలే,
ఇన్నాళ్ళూ చీకట్లో తడిమినవాళ్ళందరివీ.

అబద్ధమెందుకు, డాక్టరమ్మ
చివరికి ఒక మాత్ర రాసింది.
పొద్దున్నే వేసుకుంటున్నాను.
మోకాలు వానొస్తే చెబుతూనే ఉంది.
తెక్లే ఆ చోటు దాటి
ఇంకోచోట తడబడుతోంది.
వలేరికో రొట్టె కోసం వెళ్ళి
సగం దారిలోనే తినేస్తున్నాడు.

పుచ్చకాయ కొన్న రోజు మాత్రం
లిఫ్టెక్కుతాను.
పాపం, దానికీ ఆకలేస్తుంది కదా.